పెన్‌డ్రైవ్ మెట్లు దిగడం మానేసింది

మా ఇంట్లో ప్రింటర్ ఒకటే, ప్రింట్లు కావలసినవాళ్లం నలుగురం. వనస్థలిపురంలో మాది రెండు వాటాల ఇల్లు. ప్రింటర్ కింది వాటాలో నా గదిలో ఉండేది, చిన్న దుకాణాలవాళ్లకు నేను జీఎస్టీ రిటర్నులు వేసిపెట్టే బల్ల పక్కన. మేడ మీది వాటా నాన్నగారిది, వెనక గది అబ్బాయిది. మా ఆవిడ బడిలో లెక్కల టీచరు. ఆమె లాప్‌టాప్ భోజనాల బల్ల మీదినుంచి కదలదు. ఈ మూడు దిక్కుల నుంచీ నా గదిలోకి పెన్‌డ్రైవులు నడిచివచ్చేవి. నేను ఫోనులో ఎవరితోనో పన్ను లెక్కలు మాట్లాడుతూ ఉంటే భుజం మీదుగా ఒక చెయ్యి వచ్చి పెన్‌డ్రైవ్ గుచ్చేది. "రెండే పేజీలండీ" అనేది మా ఆవిడ. తెరిచి చూస్తే బడి కంప్యూటర్ నుంచి వెంట వచ్చిన వైరస్ ఫైళ్లన్నిటినీ షార్ట్‌కట్లుగా మార్చేసి ఉండేది. నాన్నగారైతే పదిహేను మెట్లు దిగివచ్చి, జేబు తడుముకుని, పెన్‌డ్రైవ్ పైనే మరిచిపోయానని మళ్లీ ఎక్కేవారు.

వీధి చివర జిరాక్స్ షాపు ఉండగా ఇంత తిప్పలెందుకని అనుకోవచ్చు. ఉంది, మంచివాళ్లే. కాని అక్కడ ప్రింటు కావాలంటే షాపు వాట్సాప్ నంబరుకు ఫైలు పంపాలి. ఒకరోజు నా కాగితం వెతకడానికి ఆ కుర్రవాడు మౌసు చక్రం తిప్పుతూ ఉంటే ఎవరిదో ఆధార్ కార్డు, ఎవరిదో జీతం స్లిప్పు, ఎవరిదో స్కానింగ్ రిపోర్టు వరుసగా నా కళ్లముందు నుంచి వెళ్లిపోయాయి. నన్ను నమ్మి ఖాతాదారులు ఇచ్చిన బ్యాంకు స్టేట్‌మెంట్లను ఆ వరుసలో నిలబెట్టడం నావల్ల కాలేదు.

ఇక మా ప్రింటర్ సంగతి. 12ఏ కాట్రిడ్జి పడే పాత లేజర్ ప్రింటర్, నలుపు మాత్రమే వస్తుంది. టోనరు అయిపోతే ఒక్క ఫోను చాలు, బ్యాగు భుజాన వేసుకుని మనిషి ఇంటికే వచ్చి, వరండాలో పాత పేపరు పరిచి, కాట్రిడ్జి విప్పి, పొడి నింపి, డ్రమ్ము తుడిచి వెళ్తాడు. వెనకవైపు ఒకే ఒక చదరపు యూఎస్‌బీ సాకెట్ తప్ప దీనికి వైఫై లేదు, నెట్‌వర్క్ కేబుల్ పెట్టే చోటూ లేదు. ఒంట్లో ఏ రోగమూ లేని యంత్రాన్ని బయట పెట్టి కొత్తది కొనడానికి మనసొప్పలేదు.

మొదట చేసినది తెలివితక్కువ పని. 2021 దసరా సెలవులవి. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో మారి, పరేడ్ గ్రౌండ్‌లో దిగి, పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి పది మీటర్ల యూఎస్‌బీ కేబుల్ ఒకటి మోసుకొచ్చాను. ప్రింటర్‌ను హాల్లో పెట్టి, గుమ్మం అంచున మేకులు కొట్టి కేబుల్ లాగాను. కంప్యూటర్ టింగుమని ప్రింటర్‌ను గుర్తించింది. రెండో పేజీ మధ్యలో మళ్లీ టింగుమని వదిలేసింది. యూఎస్‌బీ 2.0 కేబుల్ 5 మీటర్లు దాటకూడదట. కంప్యూటర్ అడిగినదానికి జవాబు తిరిగి రావలసిన వ్యవధి అంత బిగుతుగా పెట్టారు, దారి పొడుగైతే జవాబు ఆలస్యమవుతుంది. ఈ సంగతి మేకులన్నీ కొట్టాక చదివాను. అయినా అది పనిచేస్తే మాత్రం ఒరిగేదేముంది? ప్రింటర్ హాల్లోకి వచ్చేది, దాని పగ్గాలు నా కంప్యూటర్ చేతిలోనే ఉండేవి.

అప్పుడు విండోస్‌లో ఉన్న షేరింగ్ మీద పడ్డాను. చెప్పడానికి చిన్న పని. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ అన్న చోట టిక్కు పెట్టి ఒక పేరు ఇవ్వాలి. రెండు కంప్యూటర్లలోనూ ఇంటి వైఫైని పబ్లిక్ నుంచి ప్రైవేట్‌గా మార్చాలి. ఇది చాలామంది మరిచిపోయే మెట్టు, నేనూ మరిచిపోయాను. పబ్లిక్ అని ఉన్నంతకాలం మన కంప్యూటర్ రైల్వే స్టేషన్‌లో ఉన్నట్టే ముడుచుకుని కూర్చుంటుంది, ఎవరు పిలిచినా పలకదు. అది సరిచేశాక మా ఆవిడ లాప్‌టాప్‌లో నా కంప్యూటర్ కనబడింది. నొక్కితే పేరు, పాస్‌వర్డ్ అడిగింది. నేను రోజూ నాలుగంకెల పిన్ కొట్టి లోపలికి వెళ్తాను కదా, అదే కొట్టాను. తప్పంది. మళ్లీ కొట్టాను. మళ్లీ తప్పంది. "మీ పిన్ మీకే గుర్తు లేదా?" అంది మా ఆవిడ. ఆ పిన్ ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికే చెల్లుతుంది, నెట్‌వర్క్ మీదుగా వచ్చేవాళ్లు ఖాతా అసలు పాస్‌వర్డే చెప్పాలి. ఎప్పుడో పెట్టుకున్న ఆ పాస్‌వర్డును పాత డైరీలో వెతికి పట్టుకునేసరికి రాత్రి పదకొండయింది.

పాస్‌వర్డు ఒప్పుకుంది, ప్రింటర్ ఒప్పుకోలేదు. తెర మీద తప్పును సూచించే ఒక సంఖ్య వచ్చింది, దాని చివర 11బి అని ఉంది. ఆ ఏడాది, ప్రింట్లను వరుసలో పెట్టి పంపే విండోస్ ప్రింట్ స్పూలర్‌లో పెద్ద లోపాలు బయటపడ్డాయి, ఒకదానికి ప్రింట్‌నైట్‌మేర్ అని పేరు కూడా పెట్టారు. స్పూలర్‌కు వరుసగా వచ్చిన మరమ్మతుల్లో భాగంగా సెప్టెంబరు అప్‌డేట్ ఒక కొత్త నియమం పెట్టింది. ప్రింటర్ ఉన్న కంప్యూటర్ ఇకమీదట రక్షణ ఉన్న సంభాషణే చేస్తుంది. నా కంప్యూటర్‌లో ఆ అప్‌డేట్ పడింది, మా ఆవిడ లాప్‌టాప్ నెలల తరబడి అప్‌డేట్ మొహం చూడలేదు. ఒకటి కొత్త మర్యాద అడుగుతోంది, రెండోదానికి పాత పలకరింపే తెలుసు. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఒక విలువను సున్నా చేస్తే సరిపోతుందని ఎక్కడ చూసినా సలహాలే. అలా చేస్తే పని జరుగుతుంది, నిజమే, కాని లోపం పూడ్చడానికి వేసిన గడియను మనమే తీసినట్టు. ఖాతాదారుల లెక్కలున్న కంప్యూటర్ మీద ఆ పని చెయ్యలేదు. లాప్‌టాప్‌కు అప్‌డేట్లన్నీ ఎక్కించాను, రాత్రంతా పట్టింది. పొద్దున్న కాఫీ తాగుతూ మా ఆవిడ భోజనాల బల్ల దగ్గర నుంచి ఒక ప్రశ్నపత్రం పంపింది. నా గదిలో ప్రింటర్ గిర్రుమంది. ఇంట్లో ఎవరికో ఉద్యోగం వచ్చినంత సంతోషపడ్డాం.

ఆ సంతోషం రెండు వారాలు నిలిచింది. ఒక సాయంత్రం వాన, కరెంటు పోయి వచ్చింది, ప్రింటర్ ఆఫ్‌లైన్ అయింది. కారణం రూటర్. కరెంటు వచ్చాక అది ఇంట్లోని పరికరాలకు చిరునామాలు కొత్తగా పంచింది. నా కంప్యూటర్‌కు నిన్నటిదాకా చివర 5 ఉండే అంకె 9 అయింది. లాప్‌టాప్‌లో ప్రింటర్‌ను పాత చిరునామాతోనే కలిపి ఉంచాను, అది పాత గుమ్మం ముందే నిలబడి తలుపు కొడుతోంది. దీనికి మందు రూటర్‌లోనే ఉంది. చిరునామాలు పంచే పనిని డీహెచ్‌సీపీ అంటారు, ఆ పేజీలో ఆ కంప్యూటర్ మ్యాక్ చిరునామా (పరికరానికి పుట్టుకతో వచ్చే గుర్తింపు సంఖ్య) ఎదురుగా ఎప్పుడూ ఇదే అంకె ఇవ్వమని రాసిపెడితే ఇక మారదు. అయిదు నిమిషాల పని.

మందులేని జబ్బు వేరే ఉంది. నా కంప్యూటర్ నిద్రపోతే ప్రింటర్ కూడా నిద్రే. నేను ఊరికి వెళ్తే ఇంట్లో ప్రింట్లు బంద్. "ఏమండీ, మీ కంప్యూటర్ లేపరూ" అని వంటింట్లోంచి పిలుపు, లేదా నేను బస్సులో ఉండగా ఫోను. నిద్రపోనివ్వకుండా రోజంతా ఆన్‌లో ఉంచుదామా అని లెక్క వేశాను. ఊరికే కూర్చున్నా నా డెస్క్‌టాప్ 60 వాట్లు తాగుతుంది. రోజుకు 1.44 యూనిట్లు, నెలకు 43. వేసవిలో మా మీటరు 200 యూనిట్ల గీత దగ్గరే ఊగిసలాడుతూ ఉంటుంది, గీత దాటితే స్లాబు మారుతుంది. ఎప్పుడో వచ్చే రెండు పేజీల కోసం ఇంత కరెంటు దండగ. దాంతో పెన్‌డ్రైవ్ మళ్లీ మెట్లు దిగడం మొదలుపెట్టింది. మూడేళ్లకు పైగా అలాగే నడిచింది. మనిషి దేనికైనా అలవాటు పడతాడు, నేనైతే మరీ త్వరగా పడతాను.

మధ్యలో రూటర్ వెనక ఉన్న యూఎస్‌బీ సాకెట్‌లో కూడా ప్రింటర్ గుచ్చి చూశాను. అది పెన్‌డ్రైవులకే పనికొచ్చే సాకెట్. ప్రింటర్లను మోసే రూటర్లూ ఉన్నాయి, కాని వాటిలో చాలావాటికి ప్రతి కంప్యూటర్‌లోనూ ఒక ప్రత్యేక ప్రోగ్రాం ఉండాలి, ఫోన్లకు దారి ఉండదు. నాన్నగారికి ఉన్నది ఫోనే. ఆ దారి అక్కడితో వదిలేశాను.

2025 వేసవిలో మా మేనల్లుడు పాత సామాను సర్దుతూ ఒక అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. బీటెక్ ప్రాజెక్టు కోసం కొన్న రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్, మోడల్ 3. అరచేతిలో పట్టే పచ్చటి బోర్డు, నాలుగు యూఎస్‌బీ సాకెట్లు, ఒక గిగాబైట్ మెమరీ. గుమ్మం ముందు ఎవరు నిలబడ్డారో కెమెరాతో చూపించే కాలింగ్ బెల్లు చేశాడట దానితో. మార్కులు వచ్చాయి, బెల్లు మాత్రం ఏ గుమ్మానికీ ఎక్కలేదు. "మామయ్యా, ఇది మూడు వాట్లు కూడా తాగదు, రోజంతా ఆన్‌లో ఉంచుకోవచ్చు" అన్నాడు. మూడు వాట్లంటే నెలకు రెండు యూనిట్ల పైచిలుకు. 43 ఎక్కడ, 2 ఎక్కడ!

నాన్నగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "దీన్నేమంటారురా?"

"పై అంటారు నాన్నా."

"పై ఏమిటిరా, కింద పెడుతూ?"

ఆ మాట ఇప్పటికీ మా ఇంట్లో నడుస్తోంది.

మైక్రో ఎస్‌డీ కార్డు మీద దాని ఆపరేటింగ్ సిస్టమ్ (విండోస్ కాదు, లినక్స్ రకం) రాయడం, వైఫై పేరు, పాస్‌వర్డు ముందే అందులో పెట్టడం మా అబ్బాయి చేశాడు. తెర, కీబోర్డు అవసరం లేకుండా నా కంప్యూటర్ నుంచే దానిలోకి వెళ్లగలిగాం. మొదటి గంటలోనే ఒక చిక్కు. అది దానంతట అదే ఆగిపోయి మళ్లీ మొదలవుతోంది. పాత ఫోను చార్జరుతో నడిపిస్తున్నాం, దానికి 5 వోల్టుల దగ్గర రెండున్నర ఆంపియర్లు అందాలి. సరైన అడాప్టర్ పెట్టగానే కుదురుకుంది.

తరువాత కప్స్ ఎక్కించాం. యునిక్స్ తరహా యంత్రాలన్నిటికీ ఒకే ముద్రణ ఏర్పాటు ఉండాలని మైకేల్ స్వీట్ రాసిన సాఫ్ట్‌వేర్ ఇది. మొదటి విడుదల 1999లో వచ్చింది, 2007లో యాపిల్ కొనుక్కుంది, మ్యాక్‌లలోనూ లినక్స్‌లోనూ ప్రింటు కొట్టినప్పుడు లోపల నడిచేది ఇదే. దానికి విడిగా తెర ఏమీ ఉండదు. బ్రౌజర్‌లో రాస్ప్‌బెరీ పై చిరునామా కొట్టి చివర 631 అనే పోర్టు అంకె చేరిస్తే ఒక పేజీ తెరుచుకుంటుంది, అక్కడే ప్రింటర్‌ను చేర్చాలి, అక్కడే షేర్ చెయ్యాలి. మొదట్లో ఆ పేజీ నాకు తెరుచుకోలేదు. కప్స్ పుట్టుకతో ఎవరినీ నమ్మదు, తనున్న యంత్రం నుంచి వచ్చిన మాటే వింటుంది. ఇంట్లోవాళ్లందరికీ పలకమని ఒక ఆదేశం ఇవ్వాలి, మన పేరును ప్రింటర్ల నిర్వాహకుల గుంపులో చేర్చాలి. ప్రింటర్‌కు పెట్టే పేరులో ఖాళీ ఉండకూడదు. మా అబ్బాయి మూడు సార్లు ఖాళీతోనే పెట్టి, నాలుగోసారి పేరంతా కలిపి రాశాడు.

ఇప్పుడు అసలు విషయం. ఇలాంటి చవక లేజర్ ప్రింటర్లు తమంతట తాము ఏమీ ఆలోచించవు. అక్షరం అంటే ఏమిటో, పేజీ అంటే ఏమిటో వాటికి తెలియదు. అంగుళానికి 600 చుక్కల చొప్పున ఒక ఏ4 పేజీలో దాదాపు 3 కోట్ల 48 లక్షల చుక్కలుంటాయి. ఏ చుక్క నలుపు, ఏది తెలుపు అన్నది కంప్యూటరే తేల్చి, కుదించి, ప్రింటర్‌కు అర్థమయ్యే భాషలో వరుసగా పంపాలి. డ్రైవర్ అంటే ఆ భాష తెలిసిన దుబాసీ. పాత పద్ధతిలో మా ఇంట్లో ప్రతి కంప్యూటర్‌కూ ఒక దుబాసీ కావలసి వచ్చేది, ఫోన్లలో దొరికేవాడే కాదు. ఇప్పుడు దుబాసీ ఒక్కడే, పైలో కూర్చుంటాడు. ఫోను తనకు తెలిసిన మామూలు భాషలో పేజీ పంపితే చాలు, చుక్కలుగా మార్చే పని ఆ పచ్చటి బోర్డుది. మా ఇంటి సమస్య కేబుల్ కాదు, షేరింగ్ కాదు, నిద్రపోని దుబాసీ లేకపోవడం. అది అర్థం కావడానికి నాకు మూడున్నరేళ్లు పట్టింది.

ఆ దుబాసీని కుదుర్చుకోవడంలో మరో మెలిక తగిలింది. మా ప్రింటర్‌కు జ్ఞాపకశక్తి కూడా లేదు. స్విచ్ వేసిన ప్రతిసారీ తను నడవడానికి కావలసిన చిన్న ప్రోగ్రాంను, ఫర్మ్‌వేర్ అంటారు, కంప్యూటర్ నుంచి అడిగి తెచ్చుకుంటుంది. విండోస్ డ్రైవర్ ఈ పని చడీచప్పుడూ లేకుండా చేసేది కనుక ఇన్నేళ్లూ నాకు తెలియలేదు. లినక్స్‌లో ఆ ఫైలును విడిగా తెచ్చిపెట్టుకోవాలి. పెట్టకపోతే కప్స్ పేజీ మీద పని పూర్తయిందని వస్తుంది, ప్రింటర్ మాత్రం పచ్చ దీపం వెలిగించుకుని చూస్తూ కూర్చుంటుంది. ఒక పూటంతా అలాగే ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఫైలు పెట్టి, కేబుల్ ఊడదీసి మళ్లీ గుచ్చగానే లోపల రోలర్లు ఒకసారి గిర్రున తిరిగాయి. ఆ శబ్దమే గుర్తు. అది వినబడితే ప్రింటర్‌కు తెలివి వచ్చినట్టు, వినబడకపోతే ఎన్నిసార్లు ప్రింటు కొట్టినా వృథా. ఇప్పుడు నేను పక్క గదిలో ఉన్నా కరెంటు వచ్చిన వెంటనే చెవి అటు వేసి ఉంచుతాను.

అన్నట్టు, కరెంటు పోయినప్పటి కోసం రూటర్‌కు పెట్టుకున్న చిన్న యూపీఎస్‌లో 5 వోల్టుల సాకెట్ కూడా ఉంది, దాని ఆంపియర్లు సరిచూసి పైని దానికే తగిలించాను. లేజర్ ప్రింటర్‌ను మాత్రం ఏ యూపీఎస్‌కూ తగిలించకండి. టోనరును కాగితానికి కరిగించి అంటించే భాగం వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది.

కింద అంతా సర్దుకుంది. నా కంప్యూటర్, మా ఆవిడ లాప్‌టాప్, అబ్బాయి ఫోను, అన్నిటి నుంచీ ప్రింట్లు వచ్చాయి. మేడ ఎక్కి నాన్నగారి ఫోనులో చూస్తే ప్రింటరే లేదు. అదే ఫోను కిందికి తెస్తే ఉంది. మళ్లీ పైకి తీసుకెళ్తే లేదు. నాన్నగారు మంచం మీద కూర్చుని ఈ రాకపోకలన్నీ చూస్తూ, "నేను తిరిగినన్ని మెట్లు ఇప్పుడు నువ్వు తిరుగుతున్నావురా" అన్నారు.

ఒక ఆధారం మాత్రం దొరికింది. మేడ మీదినుంచి బ్రౌజర్‌లో 631 చిరునామా కొడితే కప్స్ పేజీ చక్కగా తెరుచుకుంటోంది. అంటే దారి ఉంది, పిలుపు వినబడటం లేదు. అప్పుడు నాన్నగారి ఫోను చిరునామా చూశాను. కింద మా చిరునామాలన్నీ 192.168.1తో మొదలవుతాయి, ఆయనది 192.168.0తో మొదలవుతోంది. ఎప్పుడో మేడ మీదికి వైఫై అందడం లేదని పాత రూటర్ ఒకటి పెట్టి కింది నుంచి కేబుల్ లాగించాను. కేబుల్ వేసిన కుర్రవాడు దాన్ని రూటర్‌గానే వదిలేశాడు. దాంతో మేడ మీద ఒక ప్రత్యేక నెట్‌వర్క్ ఏర్పడి ఇన్నేళ్లూ నడుస్తోంది. ఇంటర్నెట్ వస్తోంది కనుక ఎవరికీ అనుమానం రాలేదు.

ఫోన్లు ప్రింటర్‌ను వెతికే పద్ధతి ఒక కేక లాంటిది. ప్రింటర్లు ఎవరైనా ఉన్నారా అని 224.0.0.251 అనే ఉమ్మడి చిరునామాకు ఫోను ఒక కేక వేస్తుంది, ఉన్నవాళ్లు నేనున్నానని పలుకుతారు. మా వీధిలోకి వచ్చే ఆకుకూరల బండి కేక మా వీధివరకే వినబడినట్టు, ఈ కేక కూడా ఒక నెట్‌వర్క్ వరకే. రూటర్ గోడ దాటించదు. పేరు పెట్టి, చిరునామా చెప్పి వెళ్తే అవతలికి దారి ఇస్తుంది, అందుకే కప్స్ పేజీ తెరుచుకుంది.

చెయ్యవలసినది మేడ మీది రూటర్‌ను రూటర్ ఉద్యోగం నుంచి తప్పించి, వైఫై అందించే పనికి మాత్రమే ఉంచడం. కొన్నిటిలో యాక్సెస్ పాయింట్ అని ఒక్క మీట ఉంటుంది. ఈ పాతదానిలో లేదు, చేత్తో చెయ్యాలి. చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ ఆపాలి, కింది నుంచి వచ్చే కేబుల్‌ను వాన్ సాకెట్ (బయటి ఇంటర్నెట్ వచ్చే చోటు) నుంచి తీసి లాన్ సాకెట్‌లో (ఇంట్లో పరికరాలను కలిపే చోట) పెట్టాలి, రూటర్‌కు కింది వరుసలోని చిరునామా ఒకటి, మరెవరికీ ఇవ్వనిది, ఇవ్వాలి. ఈ చివరి పని ముందు చెయ్యాలి. నేను చివరనే చేద్దామనుకున్నాను. డీహెచ్‌సీపీ ఆపి కేబుల్ మార్చగానే నా ఫోను కింది నెట్‌వర్క్‌లోకి వచ్చింది, రూటర్ పాత చిరునామాతో ఒంటరిగా మిగిలింది, దాని పేజీ ఇక తెరుచుకోదు. నిచ్చెన మీద నిలబడి నిచ్చెన తీసినట్టయింది. అదే సమయంలో నాన్నగారి టీవీలో ప్రవచనం ఆగిపోయింది. "అబ్బే, అయిపోతుంది నాన్నా" అంటూ గుండుసూదితో రీసెట్ రంధ్రం పది సెకన్లు నొక్కిపట్టి, మొదటికి వచ్చి, ఈసారి వరుస తప్పకుండా చేశాను. వైఫై పేరు, పాస్‌వర్డు కిందవే పైనా పెట్టాను. ఫోను తెరిచి చూస్తే ప్రింటర్ పేరు అక్కడుంది. మేడ మీద అది కనబడటం అదే మొదటిసారి.

నాన్నగారి మొదటి ప్రింటు ఒక స్తోత్రం, పెద్ద అక్షరాల్లో, పార్కులో పొద్దున్న నడిచే మిత్రుల కోసం. కాగితం చేతికిస్తే కళ్లజోడు సర్దుకుని చివరిదాకా చదివి, "ఫలశ్రుతి ఏదిరా?" అన్నారు. కింద రెండు పంక్తులు ఎగిరిపోయాయి. డ్రైవర్ కాగితం కొలతను లెటర్ అనుకుంటోంది. లెటర్ 279 మిల్లీమీటర్ల పొడవే, మన ఏ4 297. కప్స్ పేజీలో ఏ4 అని మార్చగానే ఫలశ్రుతి దిగివచ్చింది. ఫలం లేకుండా చదివించావని ఇప్పటికీ అంటుంటారు.

తెలుగుతో మరో తమాషా మా ఆవిడ వైపు నుంచి వచ్చింది. బడి ప్రశ్నపత్రాలు డీటీపీ చేసే అతను అను ఫాంట్లలో కొట్టి వర్డ్ ఫైలు పంపుతాడు. ఆ ఫైలు ఆమె ఫోనులో తెరిచి ప్రింటు కొడితే ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు, చుక్కలు కలగలిపిన పేజీ బయటికి వచ్చింది. తప్పు ప్రింటర్‌ది కాదు, పైది అంతకన్నా కాదు. ప్రతి లిపి అక్షరాలకూ సొంత సంకేతాలిచ్చే యూనికోడ్ వాడకానికి ముందు పుట్టిన ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలను దాచుకుంటాయి. ఆ ఫాంటు లేని చోట ముసుగు తొలగి లోపలి ఇంగ్లీషు కనబడుతుంది. ఫాంటును తనతోపాటు మోసుకువచ్చే పీడీఎఫ్‌గా పంపమని ఆయనకు చెప్పాం, అంతే. యూనికోడ్‌లో కొట్టిన తెలుగును కూడా ఉత్త టెక్స్ట్ ఫైలుగా రాస్ప్‌బెరీ పైకి పంపితే నాకు ఖాళీ పెట్టెలే వచ్చాయి. ఇప్పుడు మా ఇంటి నియమం ఒకటే, ప్రింటర్ దగ్గరికి వచ్చేది ఏదైనా పీడీఎఫ్ అయి రావాలి.

ఆఫీసు నుంచి కూడా ఇంటి ప్రింటర్‌కు పంపుకునేలా రూటర్‌లో 631 పోర్టు బయటికి తెరుద్దామని అబ్బాయి అన్నాడు. వద్దన్నాను. 2024 సెప్టెంబరులో కప్స్‌తో పాటు నడిచే బ్రౌజ్‌డ్ అనే సహాయక ప్రోగ్రాంలో తీవ్రమైన లోపం బయటపడింది, అది విన్నది కూడా 631 మీదనే. ఇతర ప్రింటర్లను వెతికిపెట్టడం దాని పని. మాకున్నది ఒక్క ప్రింటర్, వెతకవలసినది ఏమీ లేదు కనుక దాన్ని ఆపేశాం. బయటినుంచి ప్రింటు కావలసినవాళ్లు ఇంటికి వచ్చి కొట్టుకోవచ్చు.

ప్రింటర్ ఇప్పుడు హాల్లో టీవీ పక్కన ఉంది, దాని వెనక గోడకు రెండు వైపులా అంటుకునే టేపుతో పై. పది మీటర్ల కేబుల్ సజ్జ మీద చుట్ట చుట్టుకుని ఉంది, దానికి కొట్టిన మేకులు ఇంకా గుమ్మానికే ఉన్నాయి. పక్కింటి అమ్మాయి హాల్‌టికెట్ కోసం వచ్చి, వైఫై పాస్‌వర్డు అడిగి, తనే కొట్టుకుని వెళ్లింది. నా గదిలోకి ఎవరూ రావడం లేదు. మొదట్లో ఒక వారం కాస్త వెలితిగా కూడా అనిపించింది.

మొన్న ఆదివారం ఇంకా తెల్లవారలేదు, హాల్లో గిర్రుమని శబ్దం. లేచి వెళ్తే చీకట్లో ప్రింటర్ ఒక్కటే పనిచేస్తోంది. స్తోత్రం, ఫలశ్రుతితో సహా, ఒకదాని మీద ఒకటి పడుతోంది. ఏడో ప్రతి మధ్యలో ఆగి, దీపం ఆర్పి వెలిగించడం మొదలుపెట్టింది. మేడ మీదినుంచి మెట్ల తలుపు తెరిచిన చప్పుడయింది.

"ఒరేయ్, కాగితాలు అయిపోయినట్టున్నాయి, చూడు."